72 కుచ్చులు

గురువారం. శ్రావణ ముసురు. హనుమకొండ అంతా పొద్దున్నుంచి తడిసి ముద్దయింది.

రేపు వరలక్ష్మీ వ్రతం. రెండు చీరల కొంగు అంచులకు దారపు కుచ్చులు కట్టి పొద్దున 8 గంటలకల్లా ఇస్తానని మాటిచ్చాను. ఒకటి నిన్నటికే అయిపోయింది. రెండోది నెమలికంఠం రంగు పట్టుచీర. రాత్రి 22 కుచ్చులు కట్టి పడుకున్నాను. తెల్లారి గడప దగ్గరికి తెచ్చి చూస్తే గుండె జారిపోయింది. ట్యూబ్‌లైట్ కింద చీరలో కలిసిపోయిన దారం పగటి వెలుగులో పచ్చిగా, వేరే చీరకు కట్టినట్టుగా కనిపించింది.

నెమలికంఠంతో వచ్చే చిక్కే ఇది. పడుగు, అంటే నిలువు దారం, ఒక రంగు; పేక, అంటే అడ్డ దారం, ఒక రంగు. ఇటు నుంచి చూస్తే నీలం, అటు తిప్పితే ఆకుపచ్చ. దానికి దారం కొనాలంటే చీర వెంట తీసుకుని పగలే వెళ్లాలి, షాపు బయటికి వచ్చి ఆకాశం కింద పెట్టి చూడాలి. నాకు తెలుసు. తెలిసీ మొన్న చీకటి పడ్డాక వెళ్లాను, వాన తగ్గేదాకా ఆగి. 22 కుచ్చులూ విప్పేశాను. విప్పేటప్పుడు కత్తెర వాడకూడదు, కొంగు పోగు తెగితే ఇక బాగు చేయలేం. సూదితో ఒక్కో ముడి వదులు చేసి తీయాలి. కట్టడానికి పట్టిన టైమ్ కంటే విప్పడానికే ఎక్కువ పట్టినట్టనిపించింది.

విప్పుతుండగానే అమ్మ వచ్చింది. కొత్తవాడ నుంచి బస్సులో ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ మీద వచ్చేస్తుంది ఇప్పుడు, ఆటోకు పైసలు దండగనే మాట లేదు. గొడుగు మూలకు పెట్టి, కాళ్లు తుడుచుకుని, నన్ను చూసి "ఏందే, పొద్దుపొద్దున్నే ఇప్పుకుంటున్నవ్?" అంది. చెప్పాను. చీర కొంగు తీసుకుని వాకిలి వైపు పట్టుకుని, "నీలం పడుగు, పచ్చ పేక. కొసకు పడుగే కదా వచ్చేది. నీలం వైపు దారమే పట్టాలె" అంది. అంతే. రాత్రంతా నాకు తట్టని మాట అది. డబ్బాలో వెతికితే పాత ఆర్డర్లో మిగిలిన ముదురు నీలం దొరికింది. పెట్టి చూస్తే సరిగ్గా కుదిరింది.

అమ్మకు తెలియకుండా ఎలా ఉంటుంది? బాపు దర్రీలు, నేల మీద పరిచే నూలు తివాచీలు, నేసేవాడు. మా ఇంట్లో గుంట మగ్గం ఉన్న గది ఇల్లంతటికీ పెద్ద గది. బాపు మగ్గం మీద కూర్చుంటే అమ్మ రాట్నం ముందు కూర్చునేది. కండెలు చుట్టేది, తెగిన పోగులు అతికేది, దిగిన దర్రీ కొసలకు మిగిలిన పడుగు దారాలు ముడులు వేసేది. నాకు ముడి నేర్పింది ఆ దర్రీ కొసలే. ఏడేళ్ల వయసులో నేను వేసిన ముడి ఊడిపోతే అమ్మ మళ్లీ మళ్లీ విప్పించి వేయించేది. ఈ రోజు నేను పట్టుచీరకు కట్టే కుచ్చు ఆ మోటు నూలు ముడికి చెల్లెలు లాంటిదే.

కానీ కూలి వచ్చేది దర్రీకి, బాపు పేరు మీద. కండెలకు విడిగా లెక్క లేదు. ముడులకు అసలే లేదు. 2018లో వరంగల్ దర్రీకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడు బాపు పేపర్ తెచ్చి గట్టిగా చదివి వినిపించాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి ఆయనకు. అమ్మ రాట్నం ఆపకుండానే విన్నది. ఆ దృశ్యం నాకు ఎందుకో పదే పదే గుర్తొస్తుంది.

లెక్క గురించి రాయాలి. నేను ఈ నోటుబుక్కు మొదలుపెట్టిందే అందుకు.

మామూలు బేబీ కుచ్చులైతే చీరకు 72 కడతాను, అర అంగుళానికి కాస్త ఎక్కువ దూరంలో ఒక్కొక్కటి. దారం అట్టముక్కకు చుట్టుకోవడం, కొంగు అంచులోంచి సూదితో తీయడం, మడిచి జరీతో బిగించడం, ముడి మీద చుక్క గమ్ము, చివర్లు సమంగా కత్తిరించడం. అన్నీ కలిపి ఒక కుచ్చుకు 3 నిమిషాలు. అంటే 216 నిమిషాలు, 3 గంటల 36 నిమిషాలు. దారాలకు 80, జరీకి 30, మొత్తం 110 ఖర్చు. ఇన్నాళ్లూ 350 తీసుకున్నాను. ఖర్చు పోను 240, అంటే గంటకు 67 రూపాయలు కూడా నిండవు.

అంతకుముందు ఏడాదిన్నర ఒక షాపుకు కట్టిచ్చాను. వాళ్లు నాకు చీరకు 200 ఇచ్చేవాళ్లు, దారం నాదే. అప్పుడు లెక్క వేయలేదు. నిన్న వేశాను. 200లో 110 పోతే 90. గంటకు 25 రూపాయలు. చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నెలకు నాలుగు వేలు వస్తున్నాయని అప్పట్లో ఎంత సంబరపడ్డానో!

ఇంకో సంగతి కూడా ఈ లెక్కలోనే బయటపడింది. క్రోషే అల్లి పూసలు గుచ్చే డిజైన్‌కు 900 తీసుకుంటాను కదా, లాభం అందులోనే అనుకునేదాన్ని. దానికి పూసలు, దారాలు కలిపి 260, టైమ్ 9 గంటలు. 640ని 9తో భాగిస్తే గంటకు 71. కళ్లు, మెడ అంత నొప్పి పుట్టేది ఆ నాలుగు రూపాయల తేడాకే. పెద్ద డిజైన్ నేర్చుకుంటే పెద్ద సంపాదన అని ఎవరైనా చెబితే ముందు గడియారం పక్కన పెట్టుకుని ఒక్క చీర చేసి చూడమంటాను.

పోయిన ఏడు జరిగిన నష్టం వీటిలో కలపనే లేదు. మీగడ రంగు చీరకు ఎర్ర దారం కట్టాను. ఆవిడ పెళ్లికి వెళ్తూ వానలో తడిసింది, ఎరుపు దిగి కొంగంతా మరకలు. 3,000 ఇచ్చుకున్నాను. ఆవిడ అడగలేదు, నేనే ఇచ్చాను, ఎందుకంటే తప్పు నాదే. సిల్క్ దారం పేరుతో అమ్మేదంతా పట్టు కాదు, చాలావరకు రేయానే, ముదురు రంగులు దిగుతాయి. అప్పటినుంచి ఏ కొత్త రీలు తెచ్చినా తడిపిన తెల్ల గుడ్డలో గట్టిగా రుద్ది చూశాకే సూదికి ఎక్కిస్తున్నాను. ఆ నీలం దారానికీ పొద్దున అదే పరీక్ష చేశాను. గుడ్డ తెల్లగానే ఉంది.

గంటకు 100 అని నిర్ణయించుకున్నాను. 3 గంటల 36 నిమిషాలకు కూలి 360, దానికి ఖర్చు 110 కలిపితే 470. కూలి మాత్రం చూస్తే కుచ్చుకు సరిగ్గా 5 రూపాయలు పడుతుంది. ఆ అంకె నాకు నచ్చింది.

మధ్యాహ్నం మా మేనత్త కూతురు వదిన వచ్చింది, వచ్చే నెల నిశ్చితార్థం చీర పట్టుకుని. ముందు చాయ్ తాగి, పిల్లల చదువులు మాట్లాడుకుని, చివరికి ఎంత అని అడిగింది. 470 అన్నాను. నోరు ఎండిపోయింది అనేటప్పుడు.

"గంతనా? ఇంట్ల కూసొని చేసేదే కదా. మన మధ్యల గింత లెక్కనా?"

గంట లెక్క చెప్పాను, దారం ఖర్చు చెప్పాను. వినింది. సుబేదారిలో ఎవరో 300కే చేస్తారని చెప్పి, అడిగి చెబుతానంటూ చీర మళ్లీ కవర్లో పెట్టుకుంది. నేను వద్దనలేదు, తగ్గించనూ లేదు. ఆమె వెళ్లాక చాలాసేపు మనసు బాగాలేదు. నా పెళ్లిలో నాకు జడ వేసిన మనిషి. రేపు ఫోన్ చేస్తాను, చీర సంగతి ఎత్తకుండా ఊరికే మాట్లాడడానికి.

అమ్మ ఇదంతా విని ఒక్క మాట అనలేదు. నెమలికంఠం చీర ఒడిలో పెట్టుకుని, కళ్లద్దాలు సవరించుకుని, ఆ చివర నుంచి కట్టుకుంటూ వచ్చింది. నేను ఈ చివర నుంచి. వాన శబ్దం తప్ప ఏమీ లేదు గదిలో. సాయంత్రం 5 గంటలకు మధ్యలో కలిశాం. లెక్కపెడితే నావి 48, అమ్మవి 24. అమ్మ ముడులు నా ముడుల కంటే చిన్నవి, గట్టివి. గమ్ము కూడా అక్కర్లేదనిపించింది.

నోటుబుక్కులో కొత్త పేజీ తీసి పైన అమ్మ పేరు రాశాను. కింద తేదీ, 24 కుచ్చులు, 120 రూపాయలు. డబ్బు చేతిలో పెడితే "బిడ్డ దగ్గర పైసలేంది" అని కోప్పడింది. పేజీ చూపించాను. అమ్మకు చదువు రాదు కానీ తన పేరు గుర్తుపడుతుంది. పేరు మీద వేలు పెట్టి, పక్కనున్న అంకె ఏమిటని అడిగింది. చెప్పాను. నోట్లు మడిచి రవికలో పెట్టుకుంది.

8 గంటలకు ఫోన్ చేసింది, ఇల్లు చేరానని. పెట్టేసే ముందు అడిగింది: "రేపటి చీర ఏం రంగే?"