దేహం లేని సమాధి: మిల్వాకీలో జోసెఫ్ ష్లిట్జ్

అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఫారెస్ట్ హోమ్ శ్మశానవాటికకు నేను వెళ్లింది జోసెఫ్ ష్లిట్జ్ సమాధి చూడడానికి. ఆ సమాధిలో ఆయన దేహం లేదని తెలిసే వెళ్లాను. జర్మనీ నుంచి వలస వచ్చి, బీరు వ్యాపారంలో మిల్వాకీకి పేరు తెచ్చిన తొలితరం వాళ్లలో ఆయన ఒకరు. ఆయన చనిపోయింది మాత్రం ఇంగ్లండుకు నైరుతి దిక్కున, సిల్లీ దీవుల దగ్గర సముద్రంలో.

ఫారెస్ట్ హోమ్‌ను 1850లో సెయింట్ పాల్స్ ఎపిస్కోపల్ చర్చి వారు ఏర్పాటు చేశారు. దాదాపు రెండు వందల ఎకరాల విస్తీర్ణంలో ఎత్తుపల్లాల మీద మెలికలు తిరిగే బాటలు, పెద్ద చెట్లు, వాటి మధ్య విరివిగా స్తంభాలు, రాతి మండపాలు కనిపిస్తాయి. టైప్‌రైటర్ రూపకర్తల్లో ఒకరైన క్రిస్టఫర్ లేథమ్ షోల్స్ ఖననం కూడా ఇక్కడే జరిగింది. బీరు వ్యాపారంలో కోట్లు గడించిన వాలెంటిన్ బ్లాట్జ్, ఫ్రెడరిక్ పాబ్స్ట్ ఇదే వాటికలో ఉన్నారు. ష్లిట్జ్ స్మారకం కూడా ఆ పరిసరాల్లోనే ఉండటం వల్ల ఊరివాళ్లు ఆ చోటును బీరు దొరల మూల అని పిలుచుకుంటారు. బ్లాట్జ్ కుటుంబానిది గుడి లాంటి రాతి కట్టడం. ష్లిట్జ్‌కు కట్టింది ఎత్తైన స్మారకం. దగ్గరికి వెళ్లి చూస్తే రాతి మీద ఓడ బొమ్మ చెక్కి ఉంది. ఆయన ఎక్కిన చివరి ఓడ అదే, దాని పేరు షిల్లర్. మన వైపు శవం దొరకని వారికి దర్భలతో బొమ్మ చేసి దహన సంస్కారం చేసే ఆచారం ఉంది. ఆ రాతి ఓడ ముందు నిలబడినప్పుడు నాకు ఆ దర్భ బొమ్మే గుర్తుకొచ్చింది. దేహం దక్కకపోయినా కర్మ ఆగకూడదన్న తపన ఏ దేశంలోనైనా ఒకటే.

ష్లిట్జ్ 1831లో రైన్, మైన్ నదులు కలిసే మైంట్స్ పట్టణంలో పుట్టాడు. చదువుకున్నది లెక్కలు రాసే పని. మిల్వాకీ వచ్చాక ఆగస్ట్ క్రూగ్ అనే మరో జర్మన్ దగ్గర గుమాస్తాగా చేరాడు. క్రూగ్ స్వస్థలం మైన్ నది ఒడ్డునే ఉన్న మిల్టెన్‌బర్గ్. 1840ల చివర్లో మిల్వాకీ వచ్చి, చిన్న భోజనశాలతో పాటు బీరు కాచే పని మొదలుపెట్టాడు. అతని వ్యాపారం నిలదొక్కుకోవడం వెనుక ఒక ఓడ ప్రమాదం ఉంది. 1850లో క్రూగ్ తండ్రి గేఓర్గ్ ఆంటన్, ఎనిమిదేళ్ల మనవడు ఆగస్ట్ ఈలైన్‌ను వెంటబెట్టుకుని కొడుకును చూడడానికి బయలుదేరాడు. వారు ఎక్కిన హెలెన్ స్లోమన్ అనే ఓడ అట్లాంటిక్‌లో దెబ్బతిని మునిగిపోయింది. దారిన పోతున్న మరో ఓడ ప్రయాణికుల్లో చాలామందిని కాపాడింది. తాతా మనవలు బతికి బయటపడ్డారు. తాత తనతో తెచ్చిన 800 డాలర్ల విలువైన బంగారం కూడా దక్కింది. ఆ బంగారమే కొడుకు వ్యాపారానికి పెట్టుబడి అయింది. ఆ పిల్లవాడిని పాఠకులు గుర్తుంచుకోవాలి, కథ మళ్లీ అతని దగ్గరికే వస్తుంది.

1856లో క్రూగ్ చనిపోయాడు. వ్యాపారం భార్య అన్నా మారియా చేతికి వచ్చింది. నిర్వహణ గుమాస్తా ష్లిట్జ్ మీద పడింది. 1858లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు, ఆ తర్వాత బ్రూవరీకి, అంటే ఆ బీరు తయారీ కేంద్రానికి, ష్లిట్జ్ పేరు వచ్చింది. యజమాని విధవను పెళ్లాడి ఆస్తి కాజేశాడని తేలిగ్గా అనేయవచ్చు కానీ నేను ఆ మాట ఒప్పుకోను. వ్యాపారాన్ని నడపడం తెలిసిన మనిషి లేకపోతే ఆ చిన్న బ్రూవరీ మిల్వాకీ పోటీలో నిలిచేది కాదు.

జర్మన్లు తమ వెంట తెచ్చిన లాగర్ బీరును చల్లని చోట వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి నిల్వ ఉంచాలి. యంత్రాలతో చల్లబరిచే పద్ధతి రాకముందు అందుకు మంచుగడ్డలే ఆధారం. చలికాలంలో నదులు, చెరువులు గడ్డకట్టే మిల్వాకీలో మంచును రంపాలతో కోసి, పొట్టు కప్పి, నేలమాళిగల్లో పీపాల పక్కన పేర్చేవారు. చుట్టుపక్కల పొలాల్లో బార్లీ పండేది, తాగడానికి ఊరినిండా జర్మన్లు ఉండేవారు, సరుకు పంపడానికి మిషిగన్ సరస్సు ఉండేది. 1871 అక్టోబరులో షికాగో తగలబడి, నీటి సరఫరా కూడా దెబ్బతిన్నప్పుడు ష్లిట్జ్ అక్కడికి బీరు పంపించాడు. అది దయతో చేసినా వ్యాపార బుద్ధితో చేసినా, ఆ నగరం ఆ పేరును మరచిపోలేదు. అక్కడి నుంచే ఆయన అమ్మకాలు పెరిగాయి.

1875 ఏప్రిల్ 27న ఆయన జన్మభూమి చూసి రావడానికి న్యూయార్కులో షిల్లర్ ఓడ ఎక్కాడు. మే 7 రాత్రి దట్టమైన పొగమంచులో ఆ ఓడ, బిషప్ రాక్ దీపస్తంభానికి దగ్గర్లో ఉన్న రెటారియర్ రాతిదిబ్బలను ఢీకొట్టింది. సాయం కోసం పేల్చిన తుపాకుల చప్పుడు దీవుల వాళ్లకు వినపడింది కానీ, ఆ రోజుల్లో క్షేమంగా దాటిపోతున్న ఓడలు కూడా తుపాకీ పేల్చే అలవాటు ఉండటంతో అది ఆపద సూచన అని వెంటనే తోచలేదు. ఓడలో ఉన్న 372 మందిలో 335 మంది చనిపోయారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాలను సెయింట్ మేరీస్ దీవిలోని ఓల్డ్ టౌన్ చర్చి ఆవరణలో సామూహికంగా ఖననం చేశారు. ష్లిట్జ్ దేహం మాత్రం దొరకలేదు. మరో వారం బతికి ఉంటే ఆయనకు 44 ఏళ్లు నిండేవి.

ష్లిట్జ్ దంపతులకు పిల్లలు లేరు. వీలునామా ప్రకారం బ్రూవరీ నిర్వహణ క్రూగ్ మేనల్లుళ్లయిన ఈలైన్ సోదరుల చేతికి వచ్చింది, అయితే ష్లిట్జ్ పేరు మార్చకూడదని షరతు. ఆ సోదరుల్లో ముఖ్యుడు ఆగస్ట్ ఈలైన్, అంటే పాతికేళ్ల క్రితం మునిగిన ఓడ నుంచి బతికి వచ్చిన ఆ ఎనిమిదేళ్ల పిల్లవాడు! సముద్రం వదిలిపెట్టిన వాడి చేతికి, సముద్రం తీసుకుపోయిన వాడి వ్యాపారం వచ్చింది. ఆస్తి తిరిగి క్రూగ్ రక్తానికే చేరింది, పేరు మాత్రం గుమాస్తాదే నిలిచింది. ఈలైన్ సోదరులు మాట తప్పలేదు. మిల్వాకీని ప్రసిద్ధం చేసిన బీరు అన్న ప్రచారంతో ఆ పేరును ఎక్కడికో తీసుకెళ్లి, 1902 నాటికి పాబ్స్ట్‌ను దాటి దేశంలోనే అతిపెద్ద బ్రూవరీగా నిలబెట్టారు. ఆ పాబ్స్ట్ కూడా మొదట సరస్సు మీద ఓడ కెప్టెన్. 1863లో తన ఓడ తుపానులో ఒడ్డెక్కాకే మామగారి బ్రూవరీలో చేరాడు.

శ్మశానం నుంచి నేను నది పడమటి ఒడ్డున ఉన్న పాత బ్రూవరీకి వెళ్లాను. 1981లో అక్కడ బీరు తయారీ ఆగిపోయింది, మరుసటి ఏడాది కంపెనీని స్ట్రో అనే మరో బీరు కంపెనీ వారు కొన్నారు. ఇప్పుడా కట్టడాలు ష్లిట్జ్ పార్క్ పేరుతో కార్యాలయాలయ్యాయి. గోడలు మిల్వాకీ బంకమట్టితో కాల్చిన లేత పసుపు ఇటుకలవి. ఒకచోట చేత్తో తడిమితే అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. సాయంత్రం బే వ్యూ పేటలో, 1897లో ష్లిట్జ్ కంపెనీ కట్టించిన పాత సారాయి దుకాణం భవనం చూశాను. దాని పైకప్పు మీద నడుముకు పట్టీ కట్టినట్టున్న భూగోళం, ఆ పట్టీ మీద ష్లిట్జ్ పేరు. కంపెనీ తన బీరు మాత్రమే అమ్మేలా ఇలాంటి దుకాణాలు కట్టించి ఇచ్చేది.

మిల్వాకీ వెళ్లే తెలుగువారు సరస్సు తీరం, మ్యూజియం చూసి వచ్చేస్తుంటారు. ఒక పూట ఫారెస్ట్ హోమ్‌కు కేటాయించండి. అక్కడ ష్లిట్జ్ స్మారకం ముందు నిలబడినప్పుడు, ఆ పేరు వెనుక ఉన్న క్రూగ్‌ను, బ్రూవరీని వారసత్వంగా పొంది ష్లిట్జ్‌కు దాన్ని నడిపే అవకాశం ఇచ్చిన అన్నా మారియాను కూడా తలచుకోవాలని నా కోరిక.