కణం మింగిన అయస్కాంత రేణువు

డీఎన్ఏ నిర్మాణాన్ని కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్, దాని జోలికి పోకముందు ఏం చేసేవారో తెలిసి ఆశ్చర్యపోయాను. కేంబ్రిడ్జ్‌లోని స్ట్రేంజ్‌వేస్ ప్రయోగశాలలో ఆయన, ఆర్థర్ హ్యూస్ కలిసి, కోడి కణజాలం నుంచి పెంచిన కణాలు తమంతట తామే మింగిన అయస్కాంత రేణువులను బయటి అయస్కాంత క్షేత్రంతో తిప్పుతూ, లాగుతూ, వాటి కదలికను సూక్ష్మదర్శినిలో గమనించి, కణద్రవ్యం (కణం లోపల నిండిన జిగట పదార్థం) ఎంత చిక్కనిదో, ఎంత సాగేదో అంచనా వేశారు. ఆ ఫలితాలు 1950లో వెలువడ్డాయి.

క్షేత్రాన్ని తొలగించగానే రేణువు వెనక్కి మళ్లినంత మేర ఆ పదార్థపు స్థితిస్థాపకత (సాగినా తిరిగి పూర్వరూపానికి వచ్చే గుణం), మళ్లక నిలిచిపోయినంత మేర స్నిగ్ధ ప్రవాహం (తేనెలా చిక్కగా పారే గుణం). (గడ్డపెరుగును చెంచాతో నొక్కి వదలడం ఇదే పరీక్షకు మోటు రూపమని నాకనిపిస్తుంది.) అయితే ఆ పదార్థం జెల్, అంటే ద్రవం నిండిన సన్నని పోగుల వల అయితే, ఆ వలలోని రంధ్రాల కంటే రేణువు బాగా చిన్నదైతే, అది వలను కాక, దాని మధ్య నిండిన ద్రవాన్నే ప్రధానంగా కొలుస్తుంది.