చందవరం మహాస్తూపం చుట్టూ అమ్మ ప్రదక్షిణ

చందవరానికి వైశాఖ పౌర్ణమి నాడు వెళ్దామన్నది అమ్మ. బుద్ధుడు పుట్టిన తిథి కదా అని ఆమె ఆశ. ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో వైశాఖపు ఎండ ఎలా ఉంటుందో తెలిసి, ఆ వయసు మనిషిని గుట్ట ఎక్కించడానికి నాకు మనసొప్పలేదు. మాఘంలో వెళ్లాం.

కంభంలో గుంటూరు వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కాం. మీటరుగేజీ కాలం నుంచి అమ్మ తిరిగిన దారే ఇది. తర్లుపాడు, మార్కాపురం రోడ్డు, గజ్జెలకొండ అంటూ స్టేషన్లు రాకముందే పేర్లు చెప్పేస్తోంది. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు కిటికీ బయట ఎర్రగా కనిపిస్తున్నాయి. దొనకొండలో దిగాం. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాశ్రయం ఉన్న ఊరుగా దొనకొండ చాలామందికి తెలుసు. అక్కడికి వాయవ్యంగా పది కిలోమీటర్ల దూరంలో ఉన్న చందవరం బౌద్ధ స్తూపం సంగతి మన జిల్లాలోనే ఎక్కువమందికి తెలియదు.

స్తూపం ఉన్న కొండను సింగరకొండ అంటారు. అద్దంకి దగ్గర ఆంజనేయస్వామి వెలసిన సింగరకొండ వేరు, ఇది వేరు. కింద గుండ్లకమ్మ. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, ఇటు వచ్చే నది. ఆటో దిగగానే అమ్మ అడిగిన మొదటి మాట, "ఒరే, మన చెరువు నీళ్లేనా ఇవి?" అవునన్నాను. ఆ తర్వాత ఆమెకు అది కొత్త చోటులా అనిపించినట్టు లేదు.

ఈ స్తూపాన్ని 1964లో పురావస్తు శాస్త్రవేత్త వి.వి. కృష్ణశాస్త్రి గుర్తించారు. డెబ్బైల్లో జరిపిన తవ్వకాల్లో మహాస్తూపంతో పాటు చిన్న స్తూపాలు, మొక్కుబడి స్తూపాలు ఎన్నో బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నుంచి క్రీస్తుశకం రెండో శతాబ్దం దాకా, సాతవాహనుల కాలంలో కట్టినవి. రెండు అంతస్తుల వేదిక మీద లేచిన మహాస్తూపం కాబట్టి దీన్ని సాంచీతో పోలుస్తారు. కాశీ నుంచి కంచికి నడిచిపోయే భిక్షువులు ఇక్కడ ఆగేవారని చెబుతారు.

ఆ మాట అమ్మను పట్టుకుంది. పెళ్లయిన కొత్తలో ఆమె శివరాత్రికి దోర్నాల మీదుగా నల్లమల అడవిలో శ్రీశైలం నడిచి వెళ్లిన మనిషి. కొండ మీద నిలబడి చుట్టూ చూసింది. "నీళ్లు దగ్గర, వరదొస్తే మునగని ఎత్తు, నాలుగు వైపులా చూపు ఆనుతుంది. నడిచేవాడికి ఇంతకన్నా ఏం కావాలిరా?" అంది. ఇంత చదివి వెళ్లిన నాకు ఆ ఎత్తు ఎందుకో తట్టలేదు.

చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపుకుని, స్తూపం తన కుడిచేతి వైపు ఉండేలా ప్రదక్షిణ మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. గుళ్లో ఎలా తిరుగుతుందో అలాగే తిరిగింది. మధ్యలో ఒకచోట వంగి, బయటికి కనిపిస్తున్న ఇటుకను జానతో కొలిచింది. రెండు జానలు దాటింది. ఈ కాలపు ఇటుకలు దాని పక్కన పెడితే పిల్లల ఆటవస్తువుల్లా ఉంటాయి. అంచు అరిగింది కానీ, వేలితో గీస్తే పొడి రాలలేదు. అంత బరువున్న ఇటుకలను ఈ ఎత్తుకు ఎవరు మోసి ఉంటారో అని అమ్మ చాలాసేపు వాళ్ల గురించే మాట్లాడింది.

పులిహోర తింటున్నప్పుడు ఆమెకు ఫలకం సంగతి చెప్పాను. బుద్ధుడిని ఆరాధిస్తున్న భక్తులను చెక్కిన మూడో శతాబ్దపు సున్నపురాతి శిల్పం చందవరం నుంచి దొంగల చేతుల్లో పడి దేశం దాటింది. 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల దాన్ని కొన్నది. అక్రమంగా తరలించినదని తేలాక 2016లో మన దేశానికి తిరిగి ఇచ్చింది. వినగానే అమ్మ ముద్ద ఆపేసింది. "గుళ్లో విగ్రహం పోతే ఊరంతా లేచేది. ఇక్కడికి రోజూ వచ్చి చూసేవాళ్లుంటే అది కదిలేదా?"

ఆమె అన్నది నిజమని నా నమ్మకం. కంచె, కాపలా తప్పకుండా కావాలి. దానితో పాటు ఏ రాయి ఎక్కడుందో గుర్తుపెట్టుకునే జనం కావాలి. అమరావతికి, నాగార్జునకొండకు బస్సులు కట్టుకుని వెళ్తాం. రైలు దిగితే ఆటో దూరంలో ఉన్నదాన్ని మాత్రం వదిలేస్తున్నాం. మార్కాపురం, దర్శి, వినుకొండ బడుల పిల్లలను ఏడాదికొక్కసారైనా ఇక్కడికి తీసుకురావచ్చు. ఖర్చు పెద్దది కాదు.

తిరుగు రైలు కోసం దొనకొండ స్టేషన్‌లో కూర్చున్నప్పుడు అమ్మ ఫోను తీసుకుని, తనతో శ్రీశైలం నడిచినవాళ్లలో ఇంకా తిరగగలిగినవాళ్లకు వరసగా చేసింది. కార్తీకంలో అందరూ రావాలని, ప్యాసింజరు ఎన్నింటికో తన కొడుకు చెబుతాడని నా చేతికి ఫోను ఇచ్చింది.