చొక్కా కోసం వెళ్ళి అయస్కాంతం దగ్గర ఆగాను

అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్ ఊళ్ళో మా చెల్లెలి ఇంట్లో నెల రోజులున్నా, నాకు గుర్తుండిపోయింది న్యూయార్క్‌లో గడిపిన ఒక్క శనివారమే. ఉత్తర భారతంలోనో దక్కన్‌లోనో 15వ శతాబ్దం, 16వ శతాబ్దపు తొలినాళ్ళ మధ్య తయారైన ఒక నూలు చొక్కా మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉందనీ, దాని మీద ఖురాను మొత్తం రాసి ఉందనీ చదివినప్పటి నుంచి దాన్ని కళ్ళారా చూడాలని నా కోరిక. 30 డాలర్ల టికెట్టును రూపాయల్లోకి మార్చుకుని నిట్టూరుస్తున్న నన్ను మేనల్లుడు లోపలికి లాక్కెళ్ళాడు.

చొక్కా ప్రదర్శనలో లేదు. పాత గుడ్డలు వెలుతురుకు పాడవుతాయి కనుక వాటిని కొన్నాళ్ళు బయటపెట్టి మళ్ళీ చీకట్లో భద్రపరుస్తారు. ముందే చూసుకోకపోవడం నా తప్పే. చివరకు బెంచీ మీద కూర్చుని, మేనల్లుడి ఫోనులో దాని బొమ్మను పెద్దది చేసుకుని చూశాను. గళ్ళు గళ్ళుగా విడదీసిన గుడ్డ నిండా చీమల బారుల్లాంటి అక్షరాలు, ఛాతీకి ఇరువైపులా గుండ్రటి చట్రాలు, అంచు పట్టీల వెంట అల్లా 99 నామాలు. ఇలాంటి చొక్కాలను యుద్ధంలో రక్షగా కవచం కింద తొడుక్కునేవారని పండితుల ఊహ. అంటే అది చదవడానికి కాక, ఒంటిని అంటిపెట్టుకుని ఉండటానికి రాసిన రాత.

చిన్నప్పుడు మా నాయనమ్మ, పీర్ల చావిడి ముజావరు ఇచ్చిన తాయెత్తును నల్లదారంతో నా జబ్బకు కట్టింది. ఒక మధ్యాహ్నం మేకుతో దాని మూత ఊడదీస్తే చుట్టిన కాగితమూ, అందులో తొమ్మిది గళ్ళూ, గళ్ళలో నాకు రాని అంకెలూ కనిపించాయి. ఎటు కూడినా పదిహేనే వస్తుందని తర్వాత ముజావరే చెప్పారు. నాయనమ్మ మాత్రం "విప్పితే పనిచెయ్యదురా" అని వీపు మీద ఒక్కటి వేసింది.

ఐరోపాలో అచ్చుకు ఆద్యుడైన గూటెన్‌బర్గ్‌కు శతాబ్దాల ముందే ఈజిప్టులో తాయెత్తు కాగితాలను అచ్చువేసి, చుట్టి, చిన్న గొట్టాల్లో పెట్టి ధరించేవారని చెబితే మేనల్లుడు నవ్వాడు. "మా కంప్యూటర్ ప్రోగ్రాములూ అంతే మామయ్యా, నడుస్తున్నంతసేపూ ఎవరూ విప్పి చూడరు."

సాయంత్రం విట్నీ మ్యూజియంలో టీవీలతో కళాఖండాలు చేసిన కొరియా కళాకారుడు నామ్ జూన్ పైక్ 1965లో చేసిన 'మాగ్నెట్ టీవీ' ముందు ఆగాం. పాత నలుపు తెలుపు టీవీ, దాని నెత్తిన లాడం ఆకారపు పెద్ద అయస్కాంతం, అంతే. తెర మీద బొమ్మ గీసే ఎలక్ట్రాన్ల ధారను ఆ అయస్కాంతం పక్కకు లాగడంతో వెలుగు వంకరలు తిరిగిన ఆకారంగా నిలుస్తుంది. 1250లలో స్పెయిన్‌లో పదో అల్ఫోన్సో రాజు ఆస్థానంలో అరబ్బీ నుంచి అనువదించిన తిలస్మాల, అంటే మహిమగల తాయెత్తుల, గ్రంథం కూడా, నక్షత్రాల కంటికి కనబడని శక్తిని లోహంలోకి దింపడం గురించే చెబుతుంది. న్యూయార్క్ కూడలి టైమ్స్ స్క్వేర్‌లోని అన్ని ప్రకటనల తెరల కంటే ఈ ముసలి పెట్టే తాయెత్తుకు దగ్గరి చుట్టమని నాకనిపించింది.

మొదట్లో ఆ అయస్కాంతాన్ని చూసేవాళ్ళే జరపవచ్చునట. అది చెప్పగానే మేనల్లుడి చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. కాపలా ఆవిడ ఒక అడుగు ముందుకు వేసింది.