గ్రాఫు పూర్తయ్యిందా? ముందు దరఖాస్తు, తర్వాతే స్టేటస్

బరంపురం మగ్గాల దగ్గర, పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ల దగ్గర కొత్త ఆలోచనలకు కరువు లేదు. కానీ ఉత్త ఆలోచన ఎవరి సొత్తూ కాదు. ఆలోచనకు కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చి చెప్పింది. దానికి రూపం ఇచ్చి, డిజైన్ రిజిస్ట్రేషన్‌కు ముందుగా దరఖాస్తు పెట్టినవాళ్లదే హక్కు.

మనవాళ్లు చాలామంది ఈ పని తిరగేసి చేస్తారు. చీర నమూనాను గళ్ల కాగితం మీద గ్రాఫుగా గీసి, జకార్డు అట్టలు (మగ్గానికి ఆ నమూనా అందించే చిల్లుల అట్టలు) కొట్టించి, చీర మగ్గం దిగగానే ఫోటో వాట్సాప్‌లో పెట్టేస్తారు. ఆర్డర్లు వచ్చాక రిజిస్ట్రేషన్ గుర్తొస్తుంది. అప్పటికే చేయి దాటిపోతుంది. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం, దరఖాస్తు కంటే ముందు జనంలోకి వెళ్లిన డిజైన్ కొత్తది కాదు. బయటపెట్టింది మీరే అయినా సరే. ఇంత మంచి పనితనం ఒక్క ఫోటోతో చేజారిపోవడం నిజంగా బాధాకరం.

దరఖాస్తుకు నేసిన చీరే అక్కర్లేదు, శుభ్రంగా గీసిన బొమ్మ చాలు. ఫారం 1 నింపి ఆన్‌లైన్‌లో పంపితే కోల్‌కతాలోని డిజైన్ల కార్యాలయానికి చేరుతుంది. వ్యక్తులకు ఫీజు 1,000 రూపాయలు. బొమ్మ ఉన్న ప్రతి షీటు మీద పేరు, షీటు సంఖ్య, సంతకం ఉండాలి. కొత్తదనం ఎక్కడుందో ఒక్క వాక్యంలో రాయాలి: 'బొమ్మలో చూపిన ఉపరితల నమూనాలో' అన్నట్టుగా. నేత బట్టకు 5వ తరగతి, తొడుక్కునే దుస్తులకు 2వ తరగతి. ఏ తరగతిలో పెడితే ఆ తరగతి వస్తువులకే రక్షణ. హక్కు 10 ఏళ్లు, గడువు తీరకముందే ఫీజు కడితే ఇంకో 5.

ఎక్కువగా దెబ్బతినేది ఫోడా కుంభ దగ్గర, అంటే బరంపురం పట్టుచీరల అంచుల్లో కనిపించే గుడి ఆకారపు నమూనా దగ్గర. ఆ గుడి అంచు తరతరాలది, జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. అది నాదే అంటే చెల్లదు. దాని పక్కన మీరు కొత్తగా కల్పించిన బుటా, కొంగు కూర్పు ఏదో అదే చూపించండి. బొమ్మలో షాపు పేరో, అక్షరాలో ఉంటే వాటి మీద హక్కు కోరడం లేదని రాయాలి. అభ్యంతరాల ఉత్తరం వస్తే దరఖాస్తు తేదీ నుంచి 6 నెలల్లోగా సరిచేయాలి, అడిగితే ఇంకో 3 నెలలు ఇస్తారు. కాబట్టి ఇంటర్నెట్ సెంటర్ వాళ్ల మెయిల్ కాకుండా మీరు రోజూ చూసేదే ఇవ్వండి.

'గీసింది నేనే, కాపీరైట్ ఉందిగా' అని ధీమాగా ఉండకండి. రిజిస్టర్ చేయదగ్గ డిజైన్‌ను చేయించకుండా వదిలేసి, యంత్రంతోనో అచ్చుతోనో 50 మించి వస్తువులు తయారుచేస్తే, కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ కింద ఆ హక్కు కూడా పోతుంది. అచ్చుతో దువ్వెనలు చేసేవాళ్లకు 50 దాటడం ఎంతసేపు!

మగ్గానికి కొత్త పరికరం అమర్చారనుకోండి, దారి వేరు. అది పేటెంట్ సంగతి. వ్యక్తులు ఆన్‌లైన్‌లో 1,600 రూపాయలతో తాత్కాలిక దరఖాస్తు పెట్టొచ్చు. ఆ తేదీ మీ పేర ఉండిపోతుంది, పూర్తి వివరాలకు 12 నెలల గడువు ఉంటుంది. ఆ గడువు దాటితే మాత్రం దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క.

దరఖాస్తు నంబరు చేతికి రాకముందే గ్రాఫు ఎవరికైనా ఇవ్వక తప్పకపోతే, అట్టలు కొట్టే ఆయనైనా, నూలు అప్పిచ్చే సావుకారైనా, 'ఈ నమూనా గోప్యం, ఇంకెవరికీ చూపను' అని తేదీతో సంతకం తీసుకోండి. నమ్మకం మీద, గోప్యంగా చూపించింది బయటపెట్టినట్టు కాదని డిజైన్ల చట్టం 16వ సెక్షన్ చెబుతోంది.