పెనాంగ్‌లో రిక్షా బేరం

మలేషియాలోని పెనాంగ్ దీవిలో ఉన్న జార్జ్‌టౌన్‌లో రిక్షాని ‘బెచా’ అంటారు. మన రిక్షాలో తొక్కేవాడి వీపు ఎదురుగా కనబడేది. ఇక్కడ మనం ముందు, తొక్కేవాడు వెనక. పెద్దాయన 40 రింగిట్‌లు అడిగితే 30కి దింపాను. బేరమాడకపోతే మనకి తిన్నది అరగదు కదా! దారంతా ఆయన మొహం కనబడలేదు. సిగ్నల్ పడ్డాక మళ్లీ ఊపందుకునేటప్పుడు ఆయాసం మాత్రం చెవి పక్కనే వినిపించింది.

వెళ్తున్నది పి. రామ్లీ పుట్టిన ఇంటికి. మలయ్ సినిమాల్లో నటుడు, గాయకుడు, దర్శకుడు, అన్నీ ఆయనే. 1955లో దర్శకుడిగా తొలి సినిమా ‘పెనారిక్ బెచా’ తీశాడు. అందులో హీరో రిక్షావాడు, హీరోయిన్ డబ్బున్న ఇంటి పిల్ల.

ముందు రోజు రాత్రి హోటల్లో ఆయనదే ‘ఇబు మెర్తువాకు’ (1962) చూశాను. ‘మా అత్తగారు’ అని అర్థం. సూర్యకాంతం మార్కు నవ్వులుంటాయని కూర్చున్నా. మొదట్లో ఉన్నాయి కూడా. తర్వాతే గుండె పిండేశాడు. అల్లుడు శాక్సఫోన్ వాయించుకునేవాడని సింగపూర్ అత్తగారికి అలుసు. పెళ్లయ్యాక ఆ జంట కాపురం ఈ పెనాంగ్‌లోనే. లేమి తట్టుకోలేక గర్భిణి పుట్టింటికి వెళ్తే, కాన్పులో పోయిందని తల్లి అబద్ధం చెబుతుంది. అతను ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకుంటాడు. ఆపరేషన్ చేసి చూపు తెప్పించిన డాక్టరే తన భార్యకి రెండో మొగుడు! నిజం తెలిశాక ఫోర్కులతో కళ్లు పొడుచుకుంటాడు. ఆ సీన్లో నేను దిండు అడ్డం పెట్టుకున్నాను.

నాకైతే ఆయన కామెడీలే ఎక్కువ చేదు. ‘లబు దాన్ లబీ’లో పిసినారి యజమాని దగ్గర చాకిరీ చేసే ఇద్దరు పనివాళ్లు, రాత్రయితే తాము గొప్పవాళ్లమైనట్టు ఊహించుకుంటారు. నవ్వుతూనే ఉంటాం గానీ, తెల్లారితే మళ్లీ అదే చాకిరీ.

రామ్లీ ఇల్లు పొట్టి స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు. నావికుడైన తండ్రి ఇండోనేషియాలోని ఆచే నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఆ కొడుకు పేరే ఇప్పుడు వీధికీ పెట్టారు. చివరి సినిమాలు ఆడక, చేతిలో డబ్బు లేక, 1973లో 44 ఏళ్లకే పోయాడు.

బయటికొచ్చేసరికి పెద్దాయన నా సీట్లో కాళ్లు చాపుకుని, టోపీ మొహం మీదికి లాక్కుని నిద్రపోతున్నాడు. లేపబుద్ధి కాలేదు. మెట్ల మీద కూర్చున్నాను.