ఆపరేషన్‌కి ముందు నడక, మత్తుకి ముందు మాస్క్

గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ అన్నారు. అర్జెంటు కాదు కాబట్టి నెల పైనే టైం దొరికింది. చెకప్‌లో మత్తు డాక్టర్ బీపీ, షుగర్ కంటే ముందు అడిగింది ఒకటే: "ఆగకుండా రెండు అంతస్తుల మెట్లు ఎక్కగలరా?" ఎక్కుతాను గానీ పైకెళ్లాక కాసేపు మాట రాదన్నాను. ఊరికే కూర్చున్నప్పుడు వాడే ఆక్సిజన్‌కి నాలుగు రెట్లు వాడుకోగల సత్తా ఉందా అని చూడడానికే ఆ ప్రశ్నట. ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజుల్లో గుండెకీ ఊపిరితిత్తులకీ పని పెరుగుతుంది కదా.

నా టెన్షన్ వేరు. మత్తులో ఊపిరి ఆగిపోతే?

"ఆగుతుంది, మేమే ఆపుతాం" అన్నారావిడ తాపీగా. కండరాలు సడలే మందు ఇచ్చాక గొంతులో గొట్టం వేసేదాకా ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలే ఆధారం. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. శరీరం నిమిషానికి దాదాపు 250 మిల్లీలీటర్లు ఖర్చు చేస్తుంది. అంటే ఒకటి రెండు నిమిషాల్లో నిల్వ అయిపోతుంది. అదే ముందుగా 3 నిమిషాలు మాస్క్‌తో అచ్చంగా ఆక్సిజనే పీలిస్తే లోపలి నైట్రోజన్ బయటికి పోయి ఆ చోటూ ఆక్సిజన్‌తో నిండుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి అప్పుడు 8 నిమిషాల దాకా గడువు దొరుకుతుంది. బాగా లావుగా ఉంటే అందులో సగం కూడా దొరక్కపోవచ్చు. పడుకోగానే పొట్ట బరువు ఊపిరితిత్తుల్ని పైకి నొక్కేస్తుంది మరి.

"నడిస్తే ఆ నిల్వ పెరుగుతుందా?" అన్నాను.

"పెద్దగా పెరగదు. అది మాస్క్‌తో నేను నింపేది. తర్వాత లేచి తిరగడానికి కావాల్సిన ఓపిక మాత్రం మీరే తెచ్చుకోవాలి."

ఇలా తేల్చి చెప్పడం నాకు నచ్చింది. రోజూ మాట్లాడగలిగేంత ఆయాసంతో వేగంగా నడిచాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం ప్రాక్టీస్ చేశాను. గాలి పీల్చి బంతుల్ని పైకి లేపే ఊపిరితిత్తుల వ్యాయామ పరికరం, మూడు బంతుల స్పైరోమీటర్ మాత్రం మహా బోరు. బంతిని ఎగరేయడం తేలికే, నెమ్మదిగా పీలుస్తూ పైనే నిలపడం కష్టం.

ఆపరేషన్ రోజు తలవైపు కాస్త ఎత్తి, మాస్క్ ముఖానికి గట్టిగా అదిమారు. ఊపిరాడనట్టే అనిపించింది. అంచుల్లోంచి బయటి గాలి దూరితే నింపిందంతా పలచబడుతుందని ముందే తెలుసు కాబట్టి చేత్తో తొయ్యలేదు.

ఆ సాయంత్రమే వార్డులో నడిపించారు. దగ్గు వస్తే పొట్టకి దిండు అదుముకునేవాణ్ణి. భుజం నొప్పి గురించి మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు. ఆపరేషన్ కోసం కడుపులోకి పంపిన గ్యాస్ వల్లట. అటూ ఇటూ తిరుగుతుంటే తగ్గింది.